మీడియం పేస్: ఆరు బంతులూ ఒకే చోట పడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

తమ్ముడూ, నువ్వు రాసింది క్లుప్తంగా ఇది. పంతొమ్మిదేళ్లు, కుడిచేతి మీడియం పేస్. నాలుగేళ్లు టెన్నిస్ బంతితో ఆడి ఈ సీజన్‌లోనే లెదర్ బంతికి మారావు. ఓవర్‌లో రెండు బంతులు అనుకున్న చోట పడితే మిగతా నాలుగు లెగ్ సైడ్ వైడ్‌గానో, బ్యాట్స్‌మన్ కాళ్ల ముందు పడి తేలిగ్గా కొట్టే హాఫ్ వాలీగానో పోతున్నాయి. మ్యాచ్‌కి మూడు నాలుగు నోబాల్స్. పిచ్ మధ్యలోకి పరిగెత్తుతున్నావని అంపైర్ హెచ్చరించాడు. రెండో స్పెల్‌కి వచ్చేసరికి బంతి పొట్టిగా పడుతోంది. మణికట్టు సరిచేసుకోమని ఎవరో చెప్తే నెల రోజులు దాని మీదే కూర్చున్నావు, ఏమీ మారలేదు. స్వింగ్ (బంతి గాల్లో పక్కకి వంగడం) గురించి కూడా అడిగావు.

మారకపోవడం సహజమే. లెగ్ సైడ్ వైడ్‌లు, అంపైర్ హెచ్చరిక ఒకే బౌలర్‌కి కలిసి వస్తున్నాయంటే ముందుగా అనుమానించాల్సింది ఎడమ పాదం పడే చోటు. మణికట్టు వంతు ఆ తర్వాతే వస్తుంది. నీ వీడియో చూడలేదు కాబట్టి దీన్ని ఎలా నిర్ధారించుకోవాలో కూడా కింద రాస్తున్నాను. దానికి ముందు ఒక చిన్న లెక్క చూడు. ఇది అర్థమైతే ఏది ముందు సరిచేయాలో నీకే తెలుస్తుంది.

పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. నువ్వు బంతి వదిలేది దాదాపు పాపింగ్ క్రీజు అనే గీత పైన. అది నీ వైపు స్టంప్స్‌కి 1.22 మీటర్లు ముందుంటుంది. కాబట్టి బంతి అవతలి స్టంప్స్ చేరడానికి సుమారు 18.9 మీటర్లు వెళ్లాలి. వదిలేటప్పుడు దిశ ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే అక్కడికి చేరేసరికి 33 సెంటీమీటర్లు తేడా వస్తుంది. మూడు స్టంప్స్ కలిపి వెడల్పు 9 అంగుళాలు, అంటే 22.86 సెంటీమీటర్లు, మన లెక్కలో జానెడు. ఆఫ్ స్టంప్‌కి గురిపెట్టిన బంతి ఒక్క డిగ్రీ తప్పితే లెగ్ స్టంప్ కూడా దాటి పోతుందన్నమాట.

లెంగ్త్ (బంతి పిచ్ మీద పడే దూరం) కూడా అంతే. రెండు మీటర్ల ఎత్తు నుంచి గంటకి 115 కిలోమీటర్ల వేగంతో వదిలిన బంతి బ్యాట్స్‌మన్ స్టంప్స్‌కి 6 మీటర్ల దూరంలో పడాలంటే సుమారు 5 డిగ్రీలు కిందికి వదలాలి. గాలి నిరోధం పక్కన పెట్టి లెక్కేస్తే, అది 4 అయినా 6 అయినా బంతి పడే చోటు ఇటో అటో మీటరు జరిగిపోతుంది. చేయి తిరిగే వేగానికి వెయ్యోవంతు సెకను చాలు, ఒక డిగ్రీ దాటిపోవడానికి. అంత చిన్న సమయాన్ని ఎవరూ వేళ్లతో సర్దుకోలేరు. చేయగలిగింది ఒక్కటే: ప్రతి బంతికీ శరీరం అదే చోటికి, అదే వేగంతో, అదే దిశలో వచ్చేలా చూసుకోవడం. అప్పుడు చేయి తన దారి తనే పట్టుకుంటుంది. అందుకే పని కింది నుంచి పైకి జరగాలి: రనప్, జంప్, పాదాలు, నడుము, తల, ఎడమ చేయి. మణికట్టు చిట్టచివర.

రనప్: అడుగులు లెక్కపెట్టకు, టేపుతో కొలువు

నోబాల్స్‌తో మొదలుపెడదాం. పిచ్ మీద కాకుండా ఖాళీ మైదానంలో ఒక గీత గీయి. గీత దగ్గర నిలబడి మైదానం వైపు తిరిగి పరిగెత్తు. క్రీజు గురించి ఆలోచించకుండా, శరీరం ‘ఇప్పుడు’ అన్న చోట బంతి వెయ్యి. నీ ఎడమ పాదం పడిన చోట స్నేహితుణ్ణి ఒక గుర్తు పెట్టమను. ఇలా పదిసార్లు. అన్నిటికంటే దూరంగా ఉన్నదాన్ని, అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని తీసేస్తే మిగిలిన ఎనిమిదీ ఒక గుంపుగా కనిపిస్తాయి. ఆ గుంపు మధ్య నుంచి గీత దాకా టేపుతో కొలిచి దానికి 15 సెంటీమీటర్లు కలుపు. అదే నీ రనప్. మీడియం పేసర్‌కి అది సాధారణంగా 12 నుంచి 18 మీటర్లు, పది నుంచి పద్నాలుగు అంగలు ఉంటుంది. అంతకంటే పొడవు నీకిప్పుడు అనవసరం. ఎనిమిది గుర్తులూ మీటరున్నర మేర చెల్లాచెదురుగా ఉంటే నీ రనప్ ఇంకా కుదురుకోలేదని అర్థం. పొడవు తగ్గించి మళ్లీ కొలువు.

మ్యాచ్ రోజు చాలామంది నడుస్తూ అడుగులు లెక్కపెట్టి గుర్తు పెడతారు. పొద్దున్న వేసే అడుగూ, రెండో స్పెల్‌కి ముందు అలసిపోయి వేసే అడుగూ ఒక్కటి కావు. పదిహేను అడుగుల్లో ఒక్కో అడుగు బెత్తెడు తగ్గినా మీటరు పైనే తేడా. కిట్ బ్యాగులో 20 మీటర్ల టేపు పెట్టుకో. లేకపోతే నీ బూటుని మడమ, మొన ఆనించుకుంటూ కొలువు.

ఎప్పుడూ ఒకే కాలితో మొదలుపెట్టు. ఒకసారి నడుస్తూ, ఒకసారి చిన్న గెంతుతో మొదలుపెట్టడం నోబాల్స్‌కి పెద్ద కారణం. మొదటి గుర్తు నుంచి నాలుగో అంగ పడే చోట రెండో గుర్తు పెట్టు. ఇది నీ డాక్టర్. నోబాల్ పడినప్పుడు నీ కాలు ఆ రెండో గుర్తు మీదే పడిందా అని స్నేహితుణ్ణి అడుగు. అక్కడే తేడా ఉంటే తప్పు మొదలుపెట్టడంలో ఉంది. అక్కడ సరిగ్గానే ఉండి క్రీజు దాటుతుంటే చివరి మూడు అంగల్లో వేగం కోసం సాగుతున్నావు. మొదటిదానికి మొదలు మార్చాలి. రెండోదానికి రనప్ వెనక్కి జరపడం తప్పుడు వైద్యం, ఎందుకంటే సాగే అలవాటు అలాగే ఉండి ఇంకో నాలుగు రోజులకి కొత్త గుర్తు నుంచీ దాటేస్తావు. చివరి అంగలు పొట్టిగా, చకచకా పడాలి.

నియమం కూడా ఒకసారి సరిగ్గా తెలుసుకో. ముందు పాదం పడేటప్పుడు దానిలో ఏదో ఒక భాగం పాపింగ్ క్రీజు వెనక ఉండాలి. అది నేలకి ఆనినా, గాల్లో ఉన్నా పర్వాలేదు. కానీ క్రీజు అంటే సున్నపు గీత వెనక అంచు. మడమ గీత మీద ఉంటే చాలదు. నెట్స్‌లో మడమ ఆ అంచుకి బెత్తెడు వెనక పడేలా అలవాటు చేసుకో. నెట్స్‌లో అంపైర్ ఉండడు కాబట్టి అందరూ దాటి వేస్తారు, మ్యాచ్‌లో అదే బయటపడుతుంది. దాటిన బంతికి వికెట్ పడినా లెక్కలో వెయ్యకు.

పాదాలు, నడుము: నీ అసలు సమస్య ఇక్కడే

కుడిచేతి బౌలర్‌గా ఓవర్ ద వికెట్ (వేసే చేయి స్టంప్స్ వైపు ఉండేలా) వేస్తున్నప్పుడు నీ ఎడమ వైపు కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి ఆఫ్ సైడ్, నీ కుడి వైపు లెగ్ సైడ్. ఇది గుర్తు పెట్టుకుని మిగతాది చదువు.

రనప్ మిడాఫ్ వైపు నుంచి, అంటే నీ ఎడమ నుంచి, వాలుగా వస్తే శరీరం మొత్తం ఎడమ నుంచి కుడికి, అంటే లెగ్ సైడ్‌కి ప్రయాణిస్తుంది. జంప్‌లో అది ఇంకా పెరుగుతుంది. ఎడమ పాదం అడ్డంగా, స్టంప్స్ వైపు పడుతుంది. అప్పుడు నడుము తిరగడానికి దారి ఉండదు. సొంత కాలే గుమ్మంలో బల్లలా అడ్డు నిలుస్తుంది. చేయి ఆ కాలిని చుట్టి రావాలి. బంతి లెగ్ సైడ్‌కి పోతుంది, దాని వెనకే నువ్వూ పిచ్ మధ్యలోకి పోతావు. పిచ్ మీద కాపాడాల్సిన భాగం పాపింగ్ క్రీజుకి 5 అడుగుల ముందు మొదలవుతుంది, మధ్య స్టంప్ గీతకి రెండు వైపులా అడుగు చొప్పున ఉంటుంది. నీ వైడ్‌లకీ అంపైర్ హెచ్చరికకీ సంబంధం ఇదే.

నిర్ధారించుకోవడం సులువు. నెట్స్‌లో క్రీజు దగ్గర పలుచగా సున్నంగానీ ఇసుకగానీ చల్లు. కుడి పాదం పడిన గుర్తు నుంచి అవతలి ఆఫ్ స్టంప్ దాకా దారం లాగు. ఎడమ పాదం గుర్తు ఆ దారం మీదగానీ, దానికి బెత్తెడు నుంచి రెండు బెత్తెల లోపుగానీ ఉండాలి. జానెడు దాటి కుడి వైపు పడుతుంటే పైన చెప్పింది నీ కేసే. దారానికి బాగా ఎడమగా పడుతుంటే అది వేరే జబ్బు. అప్పుడు శరీరం ఆఫ్ సైడ్‌కి ఒరిగిపోయి బంతి రెండు వైపులా చెదురుతుంది.

సరిచేయడానికి మొదట రనప్ మొదలయ్యే చోటుని కుడికి, అంటే అంపైర్ వెనక వైపుకి, అర మీటరు జరుపు. మరీ అంపైర్ వెనక్కే పోతే చివర్లో ఆయన్ని తప్పించుకోవడానికి ఎడమకి దూకాల్సి వస్తుంది. రనప్ దారిలో క్రీజుకి 5 మీటర్లు వెనక రెండు కోన్లు, వాటి మధ్య 60 సెంటీమీటర్ల సందు పెట్టు. ఆ సందులోంచి నేరుగా రావాలి. జంప్ పైకి కాదు, ముందుకి. ఎత్తుగా ఎగిరితే గాల్లో ఉండే సమయం పెరుగుతుంది, దిగేటప్పుడు ఒరుగుతావు. బంతి వదిలాక మొదటి రెండు అంగలు బ్యాట్స్‌మన్ వైపే వేసి, అక్కడి నుంచి ఎడమకి తప్పుకో. కాపాడాల్సిన భాగం అంచున ఒక కోన్ పెడితే దానికి తగలకుండా వెళ్లడం రెండు వారాల్లో అలవాటవుతుంది.

ఇక కుడి పాదం. అది క్రీజుకి సమాంతరంగా పడితే భుజాలు, నడుము పక్కకి తిరిగి ఉండాలి. దీన్ని సైడ్ ఆన్ అంటాం. పాదం మొన బ్యాట్స్‌మన్ వైపు ఉంటే భుజాలూ నడుమూ అటే చూడాలి. ఇది ఫ్రంట్ ఆన్. ఈ రెంటికీ మధ్యలో ఉన్నా మంచిదే. నడుము ఒక వైపు, భుజాలు ఇంకో వైపు చూస్తుంటే మాత్రం అది మిక్స్‌డ్ యాక్షన్. దానివల్ల లైన్ (బంతి వెళ్లే దిశ) పోవడం చిన్న నష్టం, నడుం కింది వెన్నుపూస చిట్లడం పెద్ద నష్టం. ముందు పాదం నేలకి తగిలిన క్షణంలో శరీర బరువుకి ఐదారు రెట్ల దెబ్బ పైకి వస్తుంది. మెలితిరిగిన నడుము ప్రతి బంతికీ ఆ దెబ్బని తీసుకుంటుంది. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ అంతటివాడు 1973లో వెన్నుపూస చిట్లి ఆటకి దూరమై, యాక్షన్ మార్చుకుని తిరిగొచ్చాడు. తర్వాత ఆయనే 1987లో మొదలైన చెన్నై ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్లకి యాక్షన్లు దిద్దాడు.

వీడియో తీస్తే సెల్‌ఫోన్‌లో స్లో మోషన్ పెట్టు, కనీసం సెకనుకి 120 ఫ్రేములు. ఫోన్ చేతిలో కాదు, స్టాండ్ మీద ఉండాలి. ఒకటి నీ వెనక నుంచి, నడుము ఎత్తులో, రనప్ గీతకి సూటిగా. రెండోది పాపింగ్ క్రీజుకి పక్క నుంచి, ఐదారు మీటర్ల దూరంలో. మొత్తం చూసి బుర్ర పాడుచేసుకోకు. మూడు చోట్ల ఆపి చూడు: కుడి పాదం దిగినప్పుడు భుజాలూ నడుమూ ఒకే వైపు ఉన్నాయా, ఎడమ పాదం దిగినప్పుడు తల ఆ పాదానికి సూటిగా పైన ఉందా, బంతి వదిలినప్పుడు ఎడమ మోకాలు ఎంత వంగింది.

తల, ఎడమ చేయి, చేయి తిరిగే దారి

టెన్నిస్ బంతి తేలిక. చేతిని పక్క నుంచి విసురుగా తిప్పి వేగం రాబట్టడం అక్కడ పనికొస్తుంది. లెదర్ బంతి 155.9 నుంచి 163 గ్రాములు ఉంటుంది. అదే విసురు ఇక్కడ రెండు నష్టాలు చేస్తుంది.

మొదటిది లైన్. చేయి చెవి పక్క నుంచి నిలువుగా వస్తే, బంతి కాస్త ముందు వదిలినా వెనక వదిలినా లెంగ్త్ మాత్రమే మారుతుంది, లైన్ నిలుస్తుంది. చేయి పక్కగా తిరిగితే అదే పొరపాటు లైన్‌నీ పాడుచేస్తుంది: ముందు వదిలితే లెగ్ సైడ్, ఆలస్యంగా వదిలితే ఆఫ్ బయట. చేయి ఎంత నిలువుగా ఉంటే నీ పొరపాటుకి అంత మన్నింపు దొరుకుతుంది. అందరి చేయీ గడియారంలో పన్నెండు దగ్గర ఉండక్కర్లేదు, ఒంటిగంట దగ్గరున్నా ఫర్వాలేదు. ఒకటిన్నర, రెండు అయితే కష్టం.

రెండోది మోచేయి. వేసే చేయి భుజం ఎత్తుకి వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచేయి 15 డిగ్రీలకి మించి చాచుకోకూడదని ఐసీసీ నియమం. టెన్నిస్ బంతితో వేగం కోసం కుదుపు అలవాటైన వాళ్లు ఇక్కడ పట్టుబడే ప్రమాదం ఉంది. పక్క నుంచి తీసిన వీడియోలో మోచేయి కూడా చూసుకో.

చేయి పక్కకి పోవడానికి ఎక్కువసార్లు కారణం ఎడమ చేయే. దాన్ని బ్యాట్స్‌మన్ వైపు ఎత్తుగా చాచి, అక్కడి నుంచి మోచేతిని సూటిగా ఎడమ జేబు వైపు లాగాలి. తలుపు తోసినట్టు పక్కకి విసిరితే ఎడమ భుజం ముందే తెరుచుకుని తల ఒరిగిపోతుంది. కళ్లు నేలకి సమాంతరంగా లేకపోతే గురి కుదరదు. ‘తల నిలుపు’ అని అనుకుంటే తల నిలవదు. ఎడమ చేయి సరిగ్గా దిగితే తల దానంతట అదే నిలుస్తుంది.

బుమ్రాని చూసి అనుకరించకు. ఆ మోచేయి వెనక్కి వంగే తీరు పుట్టుకతో వచ్చింది. అంత పొట్టి రనప్‌తో అంత వేగం రాబట్టే ఆ శరీరమే గాయపడి, 2023లో వీపుకి ఆపరేషన్ జరిగింది.

పట్టు

టెన్నిస్ బంతిని అరచేతిలోకి దిగేలా పట్టుకుంటాం. లెదర్ బంతిని అలా పట్టుకుంటే వేళ్ల నుంచి ఆలస్యంగా వదులుతుంది, పొట్టిగా పడుతుంది. చూపుడు వేలు, నడిమి వేలు సీమ్‌కి (బంతి చుట్టూ ఉన్న కుట్టుకి) రెండు వైపులా, వాటి మధ్య పెన్సిల్ పట్టేంత సందు. బొటనవేలు పక్క అంచు కింద సీమ్ మీద. బంతికీ అరచేతికీ మధ్య ఒక వేలు దూరేంత ఖాళీ ఉండాలి. గట్టిగా పిసకకు, స్నేహితుడు లాగితే కాస్త ప్రయత్నంతో ఊడొచ్చేంత పట్టు చాలు.

సీమ్ నిటారుగా వెళ్తోందో లేదో తెలియడానికి ఒక పాత బంతికి ఒక పక్క తెల్ల రంగు వెయ్యి. గాల్లో రంగులు రెండూ చెరో పక్కన స్పష్టంగా కనిపిస్తే సీమ్ నిలిచింది. కలిసిపోయి బూడిద రంగులా కనిపిస్తే వేళ్లు ఒక పక్కకి జారుతున్నాయి. రోజూ పడుకునే ముందు మంచం మీద వెల్లకిలా పడుకుని, బంతిని వేళ్లతో వెనక్కి తిరిగేలా పైకి వేసి పట్టుకోవడం ఐదు నిమిషాలు చెయ్యి. మణికట్టు పని ఇంతే. నెల రోజులు దాని మీద పెట్టిన శ్రమ వృథా పోదు, పాదాలు కుదిరాక అది పనికొస్తుంది.

ఎక్కడ వెయ్యాలి, ఎలా లెక్క రాయాలి

టెన్నిస్ బంతి ఆటలో బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గర పడే యార్కరే రక్షణ. లెదర్ బంతితో యార్కర్ తప్పితే హాఫ్ వాలీ, హాఫ్ వాలీ అంటే కవర్స్ మీదుగా నాలుగు పరుగులు. నీ లెంగ్త్ నువ్వు అనుకుంటున్నదానికంటే వెనక్కి రావాలి. నీ వేగానికి బ్యాట్స్‌మన్ స్టంప్స్ నుంచి 5.5 నుంచి 7.5 మీటర్ల మధ్య, ఆఫ్ స్టంప్ నుంచి దాని బయట జానెడున్నర దాకా ఒక పెట్టె గీసుకో. మ్యాటింగ్ (చాప పరిచిన పిచ్) మీద ఆడితే బంతి ఎక్కువ లేస్తుంది కాబట్టి అర మీటరు ముందుకి జరుపు. చెప్పడానికి చిన్న పెట్టెలా ఉంటుందిగానీ ఆస్ట్రేలియా పేసర్ గ్లెన్ మెక్‌గ్రాత్ గొప్ప వేగమేమీ లేకుండా 563 టెస్ట్ వికెట్లు తీసింది దాదాపు ఇలాంటి చోటనే బంతి వెంట బంతి వేసి.

చూపు ఎక్కడ పెట్టాలన్నది తరచూ వచ్చే అనుమానం. కొందరు పడే చోటుని చూస్తారు, కొందరు ఆఫ్ స్టంప్ పైభాగాన్ని చూస్తారు. రెండూ పనిచేస్తాయి. రెండో దాన్ని ఎంచుకోమంటాను, ఎందుకంటే పడే చోటుని చూసేవాళ్లు తల దించేసే ప్రమాదం ఉంది. ఏదైనా ఒకటి ఎంచుకుని నెల రోజులు మార్చకు. రనప్ సగం దాటాక చూపు దాని మీద నుంచి కదలకూడదు.

ప్రతి సెషన్‌లో 24 బంతులకి ఒక్కో అక్షరం రాయించు: స అంటే సరి, లె అంటే లెగ్, ఆ అంటే ఆఫ్ బయట మరీ దూరం, పొ అంటే పొట్టి, ఫు అంటే ఫుల్. చివర లెక్కపెట్టు. లె, ఆ ఎక్కువుంటే పాదాలు, చేయి దారి చూడాలి. పొ, ఫు ఎక్కువుంటే వదిలే సమయం, ఎడమ మోకాలు, పట్టు చూడాలి. మొదటి పదహారు బాగుండి చివరి ఎనిమిదే పాడైతే టెక్నిక్ జోలికి పోకు, అది కాళ్ల అలసట. ‘ఈరోజు బాగా పడలేదు’ అనే మాటతో ఎవరూ ఏదీ సరిచేసుకోలేరు. ఈ ఐదు అక్షరాలతో సరిచేసుకోవచ్చు. మొదట్లో 24లో 9, 10 వస్తే నిరాశపడకు. 14 దాకా వచ్చాక మ్యాచ్‌లో తేడా తెలుస్తుంది.

సాధన ఎలా సాగాలి

పూర్తి రనప్‌తో వేస్తూ పాదం మార్చుకోవడం అవ్వని పని, పాత అలవాటే గెలుస్తుంది. మొదటి రెండు వారాలు ఇలా చెయ్యి. వేడెక్కాక 12 బంతులు నిలబడి: రెండు పాదాలూ దారం మీద ముందే సరైన చోట పెట్టి, బరువు వెనక కాలి మీద నుంచి ముందుకి ఊపి, 15 మీటర్ల దూరానికి. తర్వాత 18 బంతులు మూడు అంగల రనప్‌తో, పూర్తి పిచ్. ఆపైన 12 బంతులు మాత్రమే పూర్తి రనప్‌తో. మూడో వారం నుంచి నిలబడి వేసేవి 6కి తగ్గించి, పూర్తి రనప్‌వి 24కి పెంచు. బ్యాట్స్‌మన్‌ని నాలుగో వారం దాకా పెట్టుకోకు. అతను కొడుతుంటే నీ ధ్యాస పాదం నుంచి అతని బ్యాట్ మీదికి పోతుంది.

ఒకేసారి ఒక్క మార్పు. ఇది ఎంత నొక్కి చెప్పినా తక్కువే. పాదం, ఎడమ చేయి, పట్టు మూడూ ఒక్క రోజే మార్చబోయి నెల తిరిగేసరికి పాత యాక్షన్‌కీ కొత్త యాక్షన్‌కీ చెందకుండా పోయిన కుర్రాళ్లు ప్రతి అకాడమీలో ఉంటారు. మూడు వారాలు పాదాలు. తర్వాత మూడు వారాలు ఎడమ చేయి. మొదటి పది రోజుల్లో వేగం కాస్త తగ్గుతుంది, తగ్గనీ.

వారానికి నాలుగు రోజులకి మించి వెయ్యకు, మ్యాచ్‌తో కలిపి. వరసగా రెండు రోజులు వేస్తే మూడో రోజు విశ్రాంతి. వారం మొత్తానికి 150 బంతుల దగ్గర మొదలుపెట్టి, వారానికి పదిహేను చొప్పున పెంచు. పండగ టోర్నమెంట్ అని రెండు రోజుల్లో రెండు వందలు వేయడం లాంటివే వీపుల్ని విరిచేది. నడుము కింద ఎడమ పక్క ఒక చోట నొప్పి ఉండి, వెనక్కి వంగినప్పుడు అది ఎక్కువవుతుంటే బౌలింగ్ ఆ క్షణమే ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించు. కుడిచేతి బౌలర్లకి వెన్నుపూస చిట్లడం ఎక్కువగా ఆ పక్కనే జరుగుతుంది. బామ్ రాసుకుని వేస్తే ఒక సీజన్‌తో పోయేది రెండు సీజన్లు పోతుంది.

రెండో స్పెల్‌లో పొట్టిగా పడటం కూడా కాళ్ల కథే. అలసిన ఎడమ మోకాలు దిగేటప్పుడు కుంగుతుంది. వదిలే ఎత్తు 15 సెంటీమీటర్లు తగ్గితే, మిగతావన్నీ అలాగే ఉన్నా బంతి 70 సెంటీమీటర్లు పొట్టిగా పడుతుంది. పైన చెప్పిన లెక్కతోనే ఇదీ తేలుతుంది. వారానికి మూడు రోజులు: బల్ల మీద నుంచి ఒంటికాలి మీద కూర్చుని లేవడం ఒక్కో కాలికి 8 చొప్పున మూడు సార్లు, సైడ్ ప్లాంక్ ఒక్కో పక్క 40 సెకన్లు, ఒంటికాలి మీద మడమలు ఎత్తడం 15 చొప్పున మూడు సార్లు. జిమ్ అక్కర్లేదు. బూట్లలో కక్కుర్తి పడకు. పచ్చిక పిచ్‌కి స్పైక్స్, మ్యాటింగ్‌కి రబ్బరు స్టడ్స్. ముందు పాదం బొటనవేలు బూటుకి కొట్టుకుంటుంటే భయంతో మోకాలు ముందే వంగుతుంది.

స్వింగ్ గురించి అడిగావు

ఆరు వారాలు ఆగు. లైన్ లేని స్వింగ్ వైడ్‌నే పెంచుతుంది. ఆ తర్వాత, కుడిచేతి బ్యాట్స్‌మన్ నుంచి బయటికి వంగే అవుట్‌స్వింగర్‌కి సీమ్‌ని మొదటి స్లిప్ వైపు, అంటే నీ ఎడమకి, 15 నుంచి 20 డిగ్రీలు తిప్పి, మెరుపు పక్క నీ కుడికి ఉంచి, అదే యాక్షన్‌తో వెయ్యి. వేళ్లు సీమ్ వెనకే ఉండి బంతిని వెనక్కి తిప్పాలి. మామూలు స్వింగ్ బాగా దొరికేది గంటకి 110 కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంలోనే, కాబట్టి నీ వేగం ఇక్కడ లోటు కాదు. ఎస్‌జీ కంపెనీ బంతికి చేతి కుట్టు, సీమ్ ఎత్తుగా ఉంటుంది, సీమ్ మీద పడేలా వేస్తే పిచ్ నుంచి కూడా కదులుతుంది. మెరుపు చెమటతోనే పెంచు, ఉమ్ము 2022 నుంచి, క్రికెట్ చట్టాలు రాసే ఎంసీసీ నియమాల్లో నిషిద్ధం.

మన హైదరాబాద్ సిరాజ్ కూడా టెన్నిస్ బంతి నుంచి లెదర్ బంతికి ఆలస్యంగా వచ్చినవాడే. 2015లో రంజీలో అడుగుపెట్టి, మరుసటి సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీసుకున్నాడు. అతను ఎక్కువగా వేసే వాబుల్ సీమ్ బంతి చూసి నువ్వూ మొదలుపెట్టేయాలనిపిస్తుంది. సీమ్ నిటారుగా నిలపడం వచ్చినవాడే దాన్ని కావాలని ఊగించగలడు. నీ తెల్లరంగు బంతి గాల్లో కలిసిపోకుండా 24లో 18 సార్లు నిలిచాక మొదలుపెట్టు.

మ్యాచ్‌లో రెండు విషయాలు. మొదటి ఓవర్‌లో వికెట్ కోసం వెళ్లకు, ఆరు బంతులూ పెట్టెలోనే వెయ్యి. వైడ్ పడితే వెంటనే నడిచి వెళ్లి మళ్లీ పరిగెత్తకు. గుర్తు దగ్గర ఆగి, ఒక శ్వాస వదిలి, సీమ్ చూసుకుని, ఆఫ్ స్టంప్ చూసి, అప్పుడు కదులు. ప్రతి బంతికీ అదే వరస. తప్పిన బంతిని తర్వాతి బంతిలో సరిదిద్దబోతే అది రెండో పక్కకి తప్పుతుంది. మామూలు బంతికే తిరిగి రా.

ఎడమచేతి బ్యాట్స్‌మన్ వచ్చినప్పుడు నీ వాలు అతని నుంచి బయటికి వెళ్తుంది. ఓవర్ ద వికెట్ నుంచే, మిడిల్ స్టంప్ గురిపెట్టు. అతని ఆఫ్ స్టంప్‌కి గురిపెడితే బంతి అతనికి అందనంత దూరం పోతుంది.

మూడు వారాలు అయ్యాక సున్నం మీద పాదం గుర్తుల ఫోటో, వెనక నుంచి తీసిన వీడియో, నాలుగు సెషన్ల అక్షరాల లెక్క ఇక్కడ పెట్టు. ఎడమ పాదం దారం మీదికి వచ్చి కూడా లె తగ్గకపోతే అప్పుడు ఎడమ చేయి చూద్దాం.